కొడుకు కార్బైన్ కొంటానంటున్నాడు, ఇంట్లో ఎలా చెప్పాలి?

కడపకు చెందిన ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పనిచేసిన కాలేజీ బయటపెట్టొద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇదీ.

ఆయనకు 61 ఏళ్ళు. డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిల్ బాగా కాల్చేవారు. క్యాంపులో ఆయన గ్రూపింగ్ (తూటాలన్నీ దగ్గర దగ్గరగా ఒకేచోట పడటం) చూడ్డానికి పక్క కాలేజీల కుర్రాళ్ళు కూడా టార్గెట్ చుట్టూ మూగేవారట. ఉద్యోగంలో చేరాక మళ్ళీ రైఫిల్ ముట్టలేదు. ఒక్కడే కొడుకు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బీ వీసా, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. కోడలు, నాలుగేళ్ళ మనవరాలు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలన్న దగ్గర మొదలైన పట్టుదల వల్ల తండ్రీ కొడుకుల మధ్య ఇన్నేళ్ళూ "బాగుండావా నాయనా", "ఆ, బాగుండా" తప్ప పెద్దగా మాటల్లేవు. పోయిన వేసవిలో ఆఫీసు స్నేహితులు కొడుకును షూటింగ్ రేంజికి తీసుకెళ్ళారు. అక్కడ 9 ఎంఎం కార్బైన్ (భుజానికి ఆనించి కాల్చే పొట్టి తుపాకీ) కాల్చాడు, నచ్చింది. సొంతంగా ఒకటి కొందామని, "ఏది కొనమంటావు నాయనా, నీకు తెలుసు కదా" అని తండ్రికి ఫోన్ చేశాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం గంటకు తక్కువ కాకుండా మాట్లాడుకుంటున్నారు.

అయితే ఆ ఫోను మిద్దె మీదికి పోయి మాట్లాడాలి. ఆయన భార్య మేనమామను 90వ దశకంలో ఫ్యాక్షన్ గొడవల్లో చంపేశారు. ఆమె దీపావళికి రీలు తుపాకీని కూడా గడప దాటి లోపలికి రానివ్వలేదు. కొడుకు తుపాకీ కొంటున్నాడన్న సంగతి ఆమెకు తెలియదు. డిసెంబర్లో ఇద్దరూ విజిటర్ వీసా మీద ఆరు నెలలకు డాలస్ వెళ్తున్నారు. అక్కడ కొడుకుతో కలిసి ఒక్కసారైనా కాల్చాలని ఈయన కోరిక. కొడుకు లిస్టులో మూడు ఉన్నాయి: హై-పాయింట్, కెల్-టెక్ సబ్-2000, రూగర్ పీసీ కార్బైన్. "మొదటిది 300 డాలర్ల పైచిలుకు, చివరిది దానికి దాదాపు రెట్టింపు. చౌకది కొంటే మోసపోతాడా? వీసా గొడవ లేకుండా సిటిజన్ అయిన ఫ్రెండు తన పేరు మీద కొనిస్తాడంట, వీడు డబ్బులిస్తే చాలంట. మా ఆవిడకు ఎప్పుడు, ఎట్లా చెప్పాలి? అసలు నేను చేస్తున్నది తప్పా?" ఇవీ ఆయన ప్రశ్నలు. తిరిగొచ్చేటప్పుడు పాత ఎన్‌సీసీ మిత్రులకు చూపించడానికి రెండు ఖోఖాలు (కాల్చాక మిగిలే ఖాళీ తూటా తొడుగులు) తెచ్చుకోవచ్చా అని చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న కూడా ఉంది.

సార్,

చౌకదా, ఖరీదుదా అన్నదానికి జవాబు ఉంది, చెబుతాను. ముందు మీరు దాదాపు చివర్లో, ప్రశ్నలాగా కాకుండా రాసిన ఆ ఫ్రెండు సంగతి చూద్దాం. మీ కుటుంబానికి నిజంగా నష్టం చేయగలిగింది ఈ ఉత్తరం మొత్తంలో అదొక్కటే.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలస వీసా కాకుండా తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ తమ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బీ అందులోకే వస్తుంది. మీ విజిటర్ వీసా కూడా అందులోకే వస్తుంది. "పెట్టుకోవడం" అంటే సొంతానికి కొనడం మాత్రమే కాదు; రేంజిలో అద్దెకు తీసుకుని అరగంట చేతిలో పట్టుకున్నా అదే లెక్క. మీవాడు పోయిన వేసవిలో చేసింది, తెలియక చేసినా, ఈ గీతకు అవతలి పనే. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష 10 నుంచి 15 ఏళ్ళకు పెరిగింది. అంత దూరం పోకపోవచ్చు. కానీ తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటీ చాలు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డవాడికి ఇది చిన్న విషయం కాదు.

రేంజిలో కాలిస్తే ఎవరు పట్టించుకుంటారు అనుకోవచ్చు. రెహాఫ్ అనే విదేశీ విద్యార్థి స్టూడెంట్ స్టేటస్ పోయాక ఫ్లోరిడాలో ఒక రేంజికి వెళ్ళి కాల్చాడు. కేసు పెట్టారు, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని 2019లో కోర్టు తేల్చింది. ఆ తీర్పులో నిందితులకు కొంత ఊరట ఉన్నమాట నిజమే. కానీ తెలియాల్సింది వీసా స్టేటస్ సంగతి. తను ఏ వీసా మీద ఉన్నాడో మీవాడికి తెలుసు, మీది మీకు తెలుసు, కాబట్టి "నాకు తెలియదు" అనే వీలు లేదు.

ఇక ఫ్రెండు పేరు మీద కొనడం. షాపులో నింపే ఫారంలో "అసలు కొనుగోలుదారు మీరేనా" అని అడుగుతారు. వేరేవాళ్ళ డబ్బుతో, వేరేవాళ్ళ కోసం కొంటూ "నేనే" అని రాస్తే అది నేరం. అబ్రామ్‌స్కీ అనే అతను సొంత బాబాయి వరసైన వ్యక్తి కోసం పిస్టల్ కొన్నాడు. ఆ బాబాయికి తుపాకీ పెట్టుకునే హక్కు పూర్తిగా ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు అది తప్పేనంది. మీవాడి విషయంలో అసలు హక్కే లేదు, పైగా ఆ ఫ్రెండు కూడా ఇరుక్కుంటాడు. మన దగ్గర బండి ఒకరి పేరు మీద, ఈఎంఐ ఇంకొకరు కట్టడం మామూలే కాబట్టి ఇది తేలిగ్గా కనబడుతుంది. ఈ దారిని మాత్రం వదిలేయమనే చెబుతాను. మిగతావి మీరూ, మీవాడూ ఆలోచించుకోవచ్చు.

దారులు లేకపోలేదు. ఆ నిషేధానికే ఒక మినహాయింపు ఉంది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే తాత్కాలిక వీసా వాళ్ళు కూడా తుపాకీ కొనొచ్చు, కాల్చొచ్చు. జింకను వేటాడాల్సిన పని లేదు, లైసెన్సు ఉంటే చాలు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. అంటే మీవాడికి కోర్సు ఉంటుంది, మీ వయసుకు ఉండదు. ఇందులో ఒక మెలిక ఉంది. టెక్సాస్‌లో సాధారణంగా ఏడాదికిచ్చే లైసెన్సు కొన్న రోజు నుంచి ఏడాది నడవదు, ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1 పొద్దున రెన్యూ చేయించుకోవడం మరిచిపోతే, అల్మారాలో ఉన్న అదే తుపాకీ నేరమైపోతుంది. కరెంటు బిల్లు గడువు కూడా గుర్తుండని ఇళ్ళు మనవి. మీవాడి సంగతి మీకే తెలియాలి.

సొంతానికి కొనకుండా, లైసెన్సు మాత్రం తీసుకుని రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చడం ఇంకో దారి. ఇంట్లో తుపాకీ ఉండదు, గడువు మరిచిపోయినా ఆ రోజు రేంజికి పోకుండా ఉంటే సరి. డిసెంబర్లో మీరు కూడా బయటి రాష్ట్రం వాళ్ళకిచ్చే లైసెన్సు తీసుకుని కాల్చవచ్చు. లేదా గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగడం. వచ్చాక ఈ గొడవేదీ ఉండదు, కానీ మనవాళ్ళ క్యూ సంగతి తెలిసిందే. అప్పటికి మీ కంటిచూపు ఎలా ఉంటుందో కూడా లెక్కలో వేసుకోవాలి. ఏ దారి ఎంచుకున్నా ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట కూర్చోమనండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. పైవి చక్కబడ్డాయనుకుని, ఏది కొనాలి?

కార్బైన్ అనగానే మన జిల్లాలో ఎవరికైనా గుర్తొచ్చేది నాయకుల వెనకాల గన్‌మెన్ భుజాన వేలాడే నల్లటి స్టెర్లింగ్. అది ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా పేలుతుంది. మీవాడు చూస్తున్నవి అవి కావు. ఒక నొక్కుకు ఒక తూటా. పిస్టల్‌లో వాడే తూటానే, కాకపోతే భుజానికి ఆనించుకునే బట్, 16 అంగుళాల బ్యారెల్ ఉంటాయి. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే అక్కడ ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలి, అందుకే అందరూ ఆ కొలతకు కాస్త పైనే ఆగుతారు. పిస్టల్ పట్టుకుంటే కొత్తవాళ్ళ చెయ్యి వణుకుతుంది. భుజం, చెంప, రెండు చేతులు ఆనితే టార్గెట్ మీద నిలబడుతుంది. రైఫిల్ తూటాలు వద్దనే ఇండోర్ రేంజిల్లో చాలావాటిలో దీన్ని కాల్చనిస్తారు. సరదాకి కాల్చేవాళ్ళకు ఇవి ఇంతగా నచ్చడానికి సగం కారణం ఇదే.

చౌక ఎందుకంటే, ఈ మూడూ బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తాయి. బోల్టు (తూటాను వెనక నుంచి మూసే ఇనుప దిమ్మ) బ్యారెల్‌కు లాక్ పడదు. దాని బరువు, వెనకున్న స్ప్రింగు కలిసి పేలుడు ఒత్తిడి తగ్గేదాకా దాన్ని ఆపుతాయి. భాగాలు తక్కువ, చెక్కాల్సిన పనీ తక్కువ. అందువల్ల ధర తక్కువ అంటే నాసిరకం అని కాదు. మన వైపు చౌక తుపాకీ అంటే నాటు తుపాకీ అనే భయం ఉంటుంది, అది ఇక్కడ వర్తించదు. అయితే బరువైన బోల్టు వెనక్కీ ముందుకీ కొట్టుకోవడం వల్ల, పిస్టల్ తూటాయే కదా అనుకున్నదానికంటే భుజానికి గట్టిగానే తగులుతుంది. మీకు .22 అలవాటు కాబట్టి మొదటి తూటాకే తేడా తెలుస్తుంది.

హై-పాయింట్ చూడ్డానికి అందంగా ఉండదు, దాన్ని ఎగతాళి చేయనివాళ్ళు తక్కువ. కానీ పేలాల్సినప్పుడు పేలుతుందన్న పేరుంది. ఓహాయోలో తయారవుతుంది, చేతులు మారినా కంపెనీ జీవితకాల వారంటీ ఇస్తుంది. దాని మామూలు మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) పది తూటాలే పడతాయి. పోటీలకు ఇది ఇబ్బంది. సరదాకి కాల్చేవాడికి నన్నడిగితే మంచిదే, ఆగి ఆగి కాలుస్తాడు. కెల్-టెక్ మధ్యకు మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, రెండు కిలోల లోపే బరువు, గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్లు పట్టే రకం దొరుకుతుంది. ఆ తేలికదనమే దాని లోపం కూడా. తేలికైన తుపాకీ భుజాన్ని ఎక్కువ తంతుంది, చెంప ఆనించే చోటు కూడా హాయిగా ఉండదు, ట్రిగ్గర్ గొప్పగా ఉండదు. మీలాగా ప్రోన్ పొజిషన్‌లో, అంటే బోర్లా పడుకుని, కాల్చడం నేర్చుకున్నవాళ్ళకు అస్సలు నచ్చదనుకుంటాను. రూగర్ మూడు కిలోలు దాటుతుంది, బ్యారెల్ భాగాన్ని విడదీసి దాచుకోవచ్చు, బోల్టులో టంగ్‌స్టన్ దిమ్మ పెట్టి తన్నుడు తగ్గించారు, మ్యాగజైన్ పట్టే భాగాన్ని మార్చుకుంటే గ్లాక్‌వి కూడా పడతాయి. ఎక్కువ పెట్టిన డబ్బులు కనబడేది ఇందులోనే.

కానీ తుపాకీ ధర దగ్గరే లెక్క ఆపేస్తే పొరపాటు. చౌక 9 ఎంఎం తూటా ఒక్కోటి సుమారు పాతిక సెంట్లు. ఒక పూటకు 200 కాలిస్తే 50 డాలర్లు, నెలకు రెండుసార్లు వెళ్తే ఏడాదికి 1,200 డాలర్లు. రేంజి ఫీజు, కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు, తాళం పెట్టే పెట్టె వేరే. రెండు కార్బైన్ల మధ్య ఉన్న 300 డాలర్ల తేడా కొన్ని నెలల్లో తూటాల ఖర్చులో కలిసిపోతుంది. కాబట్టి మీవాడు నెలకు నిజంగా ఎన్నిసార్లు వెళ్తాడో ముందు తేల్చుకోమనండి. రెండు నెలల్లో మోజు తీరిపోయే రకమైతే హై-పాయింట్ చాలు, అసలు అద్దెదే చాలు. వదలకుండా ఏళ్ళ తరబడి కాల్చే రకమైతే రూగర్‌కు పెట్టిన డబ్బు దండగ కాదు.

నేనైతే నాలుగో పేరు కూడా లిస్టులో కలుపుతాను: .22 రైఫిల్. రూగర్ కంపెనీదే 10/22 అని ఒకటుంది, 1964 నుంచి చేస్తున్నారు. ధర హై-పాయింట్‌కు అటూ ఇటూగా ఉంటుంది, తూటా ఖర్చు 9 ఎంఎంలో మూడోవంతుకు మించదు. భుజానికి తన్నుడు అసలు తెలియదు. మీరు 25 గజాల్లో గ్రూపింగ్ చేసిన తూటానే కాబట్టి డిసెంబర్లో మీరు నేర్పాల్సినవాళ్ళు అవుతారు, నేర్చుకోవాల్సినవాళ్ళు కారు. కార్బైన్‌తో అయితే ఇద్దరూ కొత్తే. మీవాడికి కార్బైనే కావాలంటే అది అతని ఇష్టం, అతని డబ్బు. 50 గజాల లోపు అది సరదాగా ఉంటుంది. 50 గజాలకు గురి (సైట్) సరిచేసి 100 గజాల టార్గెట్ మీద కాలిస్తే తూటా కొన్ని అంగుళాలు కింద పడుతుంది. అది తుపాకీ తప్పు కాదని ముందే తెలిసి ఉంటే మంచిది.

ఏది కొన్నా, మొదటి రెండు మూడు వందల తూటాలు రెండు మూడు కంపెనీలవి కలిపి కాల్చి, ఎక్కడ ఇరుక్కుంటోందో చూసుకోవాలి. చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌ది అయి ఉంటుంది. ఎప్పుడైనా పేలుడు చప్పుడు పేలవంగా వినిపిస్తే వెంటనే ఆపి, తూటాలు తీసేసి, బ్యారెల్లోకి చూడాలి. తూటా మధ్యలో ఇరుక్కుని ఉంటే, దాని వెనక రెండోది కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, చేతులకూ ప్రమాదం. ఇండోర్ రేంజిలో చెవిలో దూది చాలదు. మీ వయసులో ప్లగ్గులు పెట్టుకుని పైన మఫ్‌లు కూడా వేసుకోండి. కాల్చాక చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే మనవరాలిని ఎత్తుకోండి. సీసం పొడి చిన్నపిల్లలకు మంచిది కాదు.

మనవరాలి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో నేరం. నాలుగేళ్ళ పిల్ల ఏ అలమారా తలుపైనా తీస్తుంది. మీ నాలుగు పేజీల్లో తుపాకీ మోడళ్ళున్నాయి, ధరలున్నాయి, మీ ఆవిడ భయం ఉంది. కోడలు ఏమంటోందో ఒక్క లైను కూడా లేదు. ఆమెకు తెలుసా? ఆ ఇంట్లో రోజూ ఉండేది ఆమె. మీవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న నిజానికి ఇదేనేమో.

ఇక మీ ఇంటి సంగతి. ఇప్పుడే చెప్పడం, అక్కడికెళ్ళాక చెప్పడం, అసలు చెప్పకపోవడం: మీ ముందున్నవి మూడే.

చెప్పకపోవడం కుదురుతుందని మీరు కూడా నమ్ముతున్నట్టు లేరు. ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉంటారు. రేంజి నుంచి వచ్చిన బట్టలకు తుపాకిమందు వాసన ఉంటుంది. మనవరాలు "తాతా, నాన్న గన్ను" అని ఒక్క ముక్క అంటే చాలు. అప్పుడు ఆమెకు కోపం తుపాకీ మీద కంటే ఆదివారాల మీద ఎక్కువ వస్తుంది. ఇన్నాళ్ళూ మిద్దె మీద మాట్లాడింది ఇదా అని.

అక్కడికెళ్ళాక చెబితే ఆమెకు పోయే దారి ఉండదు. కడపలో అయితే కోపం వచ్చి అక్క ఇంటికో, అన్న ఇంటికో రెండు రోజులు పోయి వస్తుంది. డాలస్‌లో ఎవరి ఇంటికి పోతుంది? మేనమామ చావును ఇన్నేళ్ళుగా మోస్తున్న మనిషిని పరాయి దేశంలో, కొడుకు ఇంట్లో, గోడకు అవతల తుపాకీ ఉందన్న సంగతితో ఒంటరిగా వదిలేసినట్టవుతుంది.

ఇప్పుడే చెబితే గొడవ ఖాయం. కొన్నాళ్ళు మీతో మాట్లాడకపోవచ్చు, కొడుకుకు ఫోన్ చేసి ఏడవచ్చు, ప్రయాణమే వద్దనవచ్చు. కానీ కొడుకు ఇంకా ఏమీ కొనలేదు. ఆమె మాటకు ఇప్పుడైతే విలువ ఉంటుంది, కొన్నాక చెబితే అది సమాచారమే. చెప్పేటప్పుడు మోడల్ పేర్లతో మొదలుపెట్టకండి, వీడియోలు చూపించకండి. "వాడు నాతో మాట్లాడుతున్నాడు, ఇందుకోసం" అని మొదలుపెట్టి చూడండి. కొడుకూ మీరూ మాట్లాడుకోకపోవడం చూసి ఇన్నేళ్ళు ఎక్కువ బాధపడింది ఆమే అయి ఉంటుంది. ఆ తర్వాత ఆమె ఏ షరతు పెడుతుందో వినండి. "నేనున్నన్నాళ్ళు ఆ ఇంట్లో అది ఉండకూడదు" అంటే అది న్యాయమైన షరతే, తీర్చగలిగేది కూడా. పైన చెప్పిన అద్దె దారి దానికి సరిగ్గా సరిపోతుంది. "మీరు కూడా కాల్చకూడదు" అంటే అప్పుడు నిజంగా ఆలోచించాల్సింది మీరు. ఆ కోరిక ఆమె నిద్ర కంటే పెద్దదా అన్నది నేను తేల్చలేను.

తప్పు చేస్తున్నానా అని అడిగారు. టార్గెట్ కాల్చడం ఇష్టపడటంలో తప్పేముంది? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది రైఫిల్‌తోనే, 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది పిస్టల్‌తోనే. కానీ ఈ ఉదాహరణలు ఆమెకు చెప్పి వాదనలో గెలవాలని చూడకండి. ఆమె చూసింది ఒలింపిక్స్ కాదు. ఆమె ఒప్పుకోకపోవచ్చు, ఊరుకోవచ్చు. దానికే మీరు సంతోషించాల్సి రావచ్చు.

ఖోఖాల గురించి: తేవద్దు. ఒక్క తూటా బ్యాగు మూలన ఇరుక్కుని ఉన్నా మన ఎయిర్‌పోర్టుల్లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. కావాలని తేలేదని కోర్టు చివరికి కొట్టేసినా, అప్పటిదాకా తిరగాల్సింది మీరే. ఖాళీ ఖోఖాతో కూడా సెక్యూరిటీ దగ్గర వాదించుకునే ఓపిక మీకు అక్కర్లేదు. రేంజికి పోయే చొక్కా జేబులు, బ్యాగు అరలు ప్రయాణానికి ముందు ఒకసారి దులపండి. అలాగే 9 ఎంఎం మన దేశంలో మామూలు పౌరులకు నిషేధించిన బోరు (గొట్టం లోపలి కొలత). కాబట్టి మీవాడు ఎప్పటికైనా ఇండియాకు తిరిగొస్తే ఆ కార్బైన్‌ను అక్కడే అమ్మేసి రావాలి.

మీ ఉత్తరం చదివాక నాకనిపించిన ఇంకో దారి చెప్పి ఆపేస్తాను. అమెరికా ఫెడరల్ చట్టంలో తుపాకీ అంటే పేలుడుతో తూటాను తోసేది. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్ దాని కిందికి రాదు, వీసా నిషేధం దానికి వర్తించదు. మన దగ్గర కూడా 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం .177 బోరుకు మించకుండా, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ చూపిస్తే షాపులో ఇస్తారు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ ఈ బోరుతోనే. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. మీ గ్రూపింగ్ ఇంకా నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి అంతకంటే కఠినమైన పరీక్ష లేదు. మీరు కడపలో ఒకటి, మీవాడు అక్కడ ఒకటి కొనుక్కుని, ఒకే టార్గెట్ కాగితం ప్రింటు తీసుకుని, ఆదివారం ఫొటోలు పంపుకోవచ్చు. దీనికీ మీ ఆవిడ ఒప్పుకోవాలి, అది వేరే సంగతి. రైఫిల్ ఆకారమే ఆమెకు పడకపోవచ్చు. ఒప్పుకుంటే ఆరుబయట మిద్దె మీద కాల్చకండి, చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. గోడ ఉన్న వసారాలో, పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్ళు) పట్టే ఇనుప పెట్టె టార్గెట్ వెనక పెట్టి, పక్కింటివాళ్ళకు ముందే చెప్పి కాల్చండి. కాగితం మీద తప్ప పిట్ట మీద గురి పెట్టొద్దు, అది వన్యప్రాణి చట్టం కింద కేసు.

మీవాడు పెరట్లో కాల్చే ముందు వాళ్ళ ఊరి రూల్సు చూసుకోవాలి, కొన్ని ఊళ్ళలో ఎయిర్‌గన్ కూడా ఆరుబయట కాల్చనివ్వరు. అలాంటప్పుడు గ్యారేజీలో కాల్చుకునే వీలుందేమో చూడమనండి. గ్యారేజీ పది మీటర్ల పొడవు ఉండదు. దూరం ఎంత తగ్గితే టార్గెట్‌ను కూడా అంత చిన్నది చేసి ప్రింటు తీయాలి, మీరూ అదే కొలతతో కాల్చాలి. లేకపోతే స్కోరు దగ్గర మళ్ళీ ఇంటర్ గ్రూపు నాటి గొడవ మొదలవుతుంది.